బల్ల కింద బడి

పిల్లలిద్దర్నీ ఇంట్లోనే చదివించాలని నిర్ణయించుకున్నాక నేను చేసిన మొదటి పని వింటే నవ్వుతారు. ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అని ఒక్క పూట కూర్చుని ఆలోచించలేదు. పాత సామాన్లు పడేసుకునే చిన్న గది ఒకటుంటే దాన్ని ఖాళీ చేశాను. కొత్త బల్ల, దానికి జోడీగా రెండు కుర్చీలు, గోడకి నల్లబల్ల, దాని పక్కన అక్షరాల చార్టు, ఎక్కాల చార్టు, ప్రపంచ పటం, శరీర భాగాల చార్టు, మూలన గ్లోబు, తలుపు మీద రంగురంగుల టైంటేబుల్. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, ఒక ఇత్తడి గంట కూడా కొన్నాను. పక్క గదిలోంచి పిలిస్తే పలికే ఇద్దరు పిల్లలకి గంట!

నాలుగో రోజున మా పెద్దది, అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు, పుస్తకం పట్టుకుని మెల్లగా కుర్చీలోంచి జారి బల్ల కిందికి పోయింది. పైకి రమ్మన్నాను. వచ్చింది. పది నిమిషాల్లో మళ్ళీ కిందే. ఈసారి చిన్నాడు కూడా దాని వెనకాలే దూరాడు. కసిరాను, బుజ్జగించాను, గంట కొట్టాను. గంట కొడితే కింద నుంచి నవ్వు వినపడింది.

ఇంకో పది రోజులకి పెన్సిలు దొర్లిపోతే తీద్దామని నేనే బల్ల కిందికి వంగాను. బల్ల అడుగుభాగం నిండా బొమ్మలు. పడవలు, మెట్లు, మీసాలున్న చంద్రుడు. ఒక మూల వాడి పేరు, ఒక మూల దాని పేరు, మధ్యలో గీత, గీతకి అటూ ఇటూ కూడికలు. పైన నేను ఎంత బతిమాలినా చెయ్యని కూడికలు. కొత్త బల్ల కదా, మొదట ఒళ్ళు మండింది. మంట చల్లారాక ఒక సంగతి తట్టింది. ఆ గదిలో పిల్లలది అనిపించే చోటు ఆ అడుగుభాగం ఒక్కటే. మిగతాదంతా నాది.

ఇల్లు బడిగా మారాలంటే బోలెడు ఖర్చవుతుందని భయపడేవాళ్ళు నాకు తరచూ తారసపడుతుంటారు. ఆ ఖర్చులో చాలా భాగం పిల్లల కోసం పెట్టేది కాదు, మన భయం కోసం పెట్టేది. బడి మాన్పించాం, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. చుట్టాలొస్తే ఆ గది తలుపు తీసి చూపించేదాన్ని. "అబ్బో, అచ్చం బడిలాగే ఉందే!" అంటే ఆ రాత్రి హాయిగా నిద్రపట్టేది. పిల్లలు ఆ రోజు ఏం చదివారన్నది వాళ్ళూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పైన పటారం.

అసలు బడి గది అలా ఎందుకుంటుంది? ఒక్క మనిషి ముప్పై నలభై మంది పిల్లల్ని చూసుకోవాలి కాబట్టి. అందరూ ఒకవైపు చూడాలి కాబట్టి వరసలు, వెనక బెంచీకి కనపడాలి కాబట్టి పెద్ద నల్లబల్ల, గుంపు ఒకేసారి కదలాలి కాబట్టి గంట. గుంపు తెచ్చిపెట్టే చిక్కులకి అవి విరుగుళ్ళు. మా ఇంట్లో ఆ చిక్కులే లేవు. లేని జబ్బుకి మందులన్నీ కొనుక్కొచ్చి అరల నిండా పెట్టుకున్నాను.

గోడల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువ మంది డబ్బు తగలేసేది అక్కడే. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆనా ఫిషర్, ఆమె సహచరులు ఒక చిన్న ప్రయోగం చేశారు. కిండర్‌గార్టెన్ వయసు పిల్లలు 24 మంది. కొన్ని పాఠాలు చార్టులు, బొమ్మలు, పటాలు దట్టంగా అంటించిన గదిలో, కొన్ని పాఠాలు అవన్నీ తీసేసిన గదిలో చెప్పారు. అలంకరించిన గదిలో పిల్లల ధ్యాస పాఠం మీంచి పక్కకి పోయిన సమయం 38.6 శాతం. ఖాళీ గోడల మధ్య అది 28.4 శాతం. పాఠం అయ్యాక ప్రశ్నలడిగితే అలంకరించిన గదిలో విన్నవాటికి 42 శాతం సరైన జవాబులు, ఖాళీ గదిలో విన్నవాటికి 55 శాతం. ఇరవై నాలుగు మందిని చూసి లోకమంతా ఇంతే అనేయకూడదు, నిజమే. కానీ మా చిన్నాడు ఎక్కాలు చదువుతూ చదువుతూ శరీర భాగాల చార్టులోని పేగుల్ని చూపుడువేలితో గాల్లో గీస్తూ కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. ఆ ప్రయోగం గురించి చదివిన సాయంత్రమే చార్టులన్నీ ఊడబీకాను. ప్రపంచ పటం ఒక్కటి ఉంచాను, అది కూడా మంచం పక్క గోడకి మార్చి. పడుకునే ముందు దేశాలు వెతుక్కోవడం వాళ్ళకి సరదా. పాఠం నడిచేటప్పుడు మాత్రం అది కంటికి కనపడదు.

అలాగని గదిని గుండు గీసినట్టు ఉంచమని కాదు. ఇంగ్లండులో సాల్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 27 ప్రాథమిక పాఠశాలల్లో 153 తరగతి గదుల్ని, 3,766 మంది పిల్లల్ని పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఒక ఏడాదిలో ఒక పిల్లాడి చదువు ముందుకి సాగడంలో, మరొకడిది సాగకపోవడంలో ఉన్న తేడాల్లో దాదాపు 16 శాతం గది తీరుతో ముడిపడి ఉందని వాళ్ళ లెక్క. అంటే గది ముఖ్యమే. నేను కాదనడం లేదు. కానీ గదిలో ఏవి ముఖ్యమన్నారో చూడండి: వెలుతురు, గాలి, వేడి, ఆ చోటు తమదని పిల్లలకి అనిపించడం, కంటికి మరీ గజిబిజిగానూ మరీ బోసిగానూ లేకపోవడం. సామాన్ల కొట్టులో దొరికేవి ఇందులో ఎన్ని? కిటికీ తలుపు తీస్తే సగం పని అయిపోతుంది.

నేను ఆ పని కూడా చెయ్యలేదు. ఆ చిన్న గదికి ఉన్నది ఒకటే కిటికీ, నల్లబల్ల దానికి ఎదురు గోడకి. వెలుతురుకి వీపు పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టాను. రాస్తుంటే వాళ్ళ నీడ వాళ్ళ పుస్తకం మీదే పడేది.

మాంటిస్సోరి పేరు వినని తల్లిదండ్రులు ఉండరు. ఇప్పుడా పేరు తగిలించి అమ్మే చెక్క సామాను ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మొదటి బాలల గృహం తెరిచింది 1907 జనవరి 6న, రోమ్‌లో సాన్ లోరెంజో అనే పేటలో, కూలిపని చేసుకునేవాళ్ళుండే ఇళ్ళ సముదాయంలో. తల్లిదండ్రులు పనికి పోతే వెనక పిల్లలు గోడలు పాడుచేస్తున్నారని, వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టమని ఇళ్ళ యజమానులు అప్పజెప్పిన పని అది. అక్కడ జరిగిన ఒక సంగతి ఆమె స్వయంగా రాసుకుంది. వస్తువులన్నీ తాళం వేసిన బీరువాలో ఉండేవి, టీచరే తీసి ఇచ్చేది. ఒకరోజు ఆ టీచరు తాళం వెయ్యడం మరిచిపోయి, మర్నాడు ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి పిల్లలు ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని పనిలో పడ్డారు. టీచరుకి అది దొంగతనంలా కనపడింది. మాంటిస్సోరికి మాత్రం పిల్లలు ఎంచుకోగలరని తెలిసింది. ఆ తర్వాత తాళాల బీరువా పోయి, పిల్లల చేతికి అందే పొట్టి అలమరలు వచ్చాయి.

ఇందులో మనకి పనికొచ్చే ముక్క చెక్కా కాదు, దాని నునుపూ కాదు. తాళం లేకపోవడం, ఎత్తు తక్కువ కావడం. ఆ రెండూ పాత అట్టపెట్టెతో కూడా సాధ్యమే.

మా అలమర అట్టపెట్టెలదే. మొదటిది మూడో రోజునే కూలింది, అది నా తెలివితక్కువతనం. అట్ట మధ్యలో అలల్లాంటి గీతలు ఉంటాయి కదా, అవి నిలువుగా ఉంటేనే పెట్టె బరువు మోస్తుంది, అడ్డంగా ఉంటే నలిగిపోతుంది. నేను పెట్టెని పక్కకి పడుకోబెట్టినప్పుడు అది చూసుకోలేదు. రెండోసారి గీతలు చూసి తిప్పుకున్నాం, మూత రెక్కల్ని లోపలికి మడిచి జిగురు పెట్టాం, ఒకే కొలత పెట్టెలు రెండేసి వీపుకి వీపు అంటించాం. బరువైన పుస్తకాలు నేల మీది అరలో, పైన కాగితాలు, రంగులు. రెండేళ్ళుగా నిలబడే ఉంది, ఒక పక్క కొంచెం వంగినా. (చెక్క అలమర అయితే మాత్రం గోడకి బిగించకుండా వాడొద్దు. పిల్లలు దాన్ని మెట్లనుకుని ఎక్కుతారు.)

పుస్తకాలు వెన్ను కనపడేలా కాకుండా అట్ట ముందుకి తిప్పి పెట్టండి. చదవడం ఇంకా రాని పిల్లాడికి వెన్ను మీది సన్నటి అక్షరాలు గోడ లాంటివి, వాడు అట్ట మీది బొమ్మ చూసి పుస్తకం ఎంచుకుంటాడు. అలా పెడితే ఎక్కువ పట్టవు అంటారు. పట్టకూడదు. ఏడెనిమిది బయట, మిగతావి పెట్టెలో మంచం కింద, కొన్నాళ్ళకి మార్పిడి. ఆటవస్తువులకీ ఇదే లెక్క. అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు 36 మంది పసిపిల్లల మీద చేసిన పరిశీలన 2018లో వచ్చింది. ముందు 4 బొమ్మలున్నప్పుడు పిల్లలు ఒక్కో దానితో ఎక్కువ సేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. 16 ఉన్నప్పుడు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతారు. సగం సామాను దాచేస్తే మిగతా సగానికి విలువ పెరుగుతుందన్నమాట. ఇంతకంటే చవకైన ఉపాయం నాకు తెలీదు.

మరి డబ్బు దేనికీ పెట్టొద్దా? రెండిటికి పెట్టండి: కూర్చునే తీరుకి, వెలుతురుకి.

కుర్చీలో కూర్చుంటే పిల్ల పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. మోచెయ్యి మడిస్తే బల్ల ఎత్తుకి రావాలి. మా జోడీ కుర్చీలు పెద్దవాళ్ళ కొలతవి, "ఎదుగుతారు కదా" అని కొన్నవి. కాళ్ళు వేలాడుతుంటే ఏ పిల్లయినా కదలకుండా ఎంతసేపుంటుంది? అల్లరి అనుకున్నదాంట్లో సగం ఆ వేలాడే కాళ్ళది. పాత న్యూసుపేపర్లు గట్టిగా కూరిన అట్టపెట్టెకి టేపు చుట్టి కాళ్ళ కింద పెట్టాక నాకే ఆశ్చర్యమేసింది. చిన్నాడు లేవడం మానెయ్యలేదు గానీ, లేచే ముందు చేస్తున్న లెక్క పూర్తి చెయ్యడం మొదలుపెట్టాడు. నేల మీద చాప, పొట్టి బల్ల అయితే ఈ తంటా కూడా లేదు. ఒక్కటే, ఎటు కూర్చోవాలో, ఎప్పుడు బోర్లా పడుకోవాలో వాళ్ళని తేల్చుకోనివ్వాలి.

వెలుతురు రాసే చేతికి ఎదుటి వైపు నుంచి రావాలి. కుడిచేత్తో రాసేవాళ్ళకి ఎడమ నుంచి, ఎడమచేత్తో రాసేవాళ్ళకి కుడి నుంచి. మా చిన్నాడిది ఎడమచెయ్యి. అక్కాతమ్ముళ్ళిద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెడితే ఒకరికి ఎప్పుడూ నీడే. ఎదురెదురుగా కూర్చోబెట్టి, బల్ల అంచుని కిటికీ పక్కకి జరిపితే సమస్య తీరింది. కాణీ ఖర్చు లేదు. సాయంత్రాలకి మాత్రం మెడ వంగే మంచి దీపం ఒకటి కొన్నాను, దానికి పెట్టిన డబ్బు గురించి ఒక్కరోజు కూడా విచారించలేదు.

అయినా అన్నిటికంటే గొప్ప దీపం గుమ్మం బయటుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 పాఠశాలల్లో మూడేళ్ళు సాగిన ఒక పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. సగం బడుల్లో ఆరేడేళ్ళ పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయటికి తీసుకెళ్ళారు. మూడేళ్ళలో ఆ పిల్లల్లో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనపడడం) వచ్చింది, మిగతా బడుల్లో 39.5 శాతం మందికి. బడికి ఇది ప్రత్యేక ఏర్పాటు, టైంటేబుల్ మార్చాలి, టీచర్ని నియమించాలి. ఇంట్లో చదివే పిల్లలకి చాప చుట్టి చంకన పెట్టుకుంటే చాలు. ఇంటి చదువుకున్న ఈ ఒక్క సౌకర్యాన్ని వదులుకుని, నాలుగు గోడల మధ్య బడి కట్టాలని మనం ఎందుకు తాపత్రయపడతామో!

బోధన సామగ్రి గురించి రెండు ముక్కలు చాలు. సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ కళాకారుడు 1971లో ఒక వాదన చేశాడు. ఒక చోట పిల్లలు ఎంత కొత్తగా ఆలోచించగలరనేది, అక్కడ కదిలించగలిగిన, కలపగలిగిన, మార్చగలిగిన విడి వస్తువులు ఎన్ని ఉన్నాయనే దాని మీద ఆధారపడి ఉంటుందని. గులకరాళ్ళు, మూతలు, తాళ్ళు, గుడ్డముక్కలు, పుల్లలు. పది పుల్లలు కట్టి ఒక కట్ట, పది కట్టలు కలిపి ఒక మోపు: స్థానవిలువలు అర్థం కావడానికి మా పిల్లలకి ఇంతకు మించి ఏమీ కావలసి రాలేదు. తీసివేతలో అప్పు తెచ్చుకోవడమంటే కట్ట విప్పడమే. పసిపిల్లలున్న ఇంట్లో మింగగలిగే చిన్నవి, ముఖ్యంగా బటన్ బ్యాటరీలు, చిట్టి అయస్కాంతాలు అందకుండా పెట్టాలి. అది తప్ప వేరే నియమం లేదు.

అందంగా, పిలిచినట్టుగా ఉండే చోటు అంటుంటారు. పిల్లని చదువుకి పిలిచేది ఏమిటని చాలా రోజులు గమనించాను. ఫొటోల్లో కనపడే గదులు, రంగుల వరసలో పేర్చిన పెన్సిళ్ళు, ఒక్క కాగితం కూడా కదలని బల్లలు నన్ను పిలిచేవి. పిల్లల్ని కాదు. సర్దిపెట్టిన బల్ల ముందు మా పెద్దది చేతులు కట్టుకుని నిలబడేది, ఎవరిదో ఇంటికి వచ్చినట్టు. కానీ రాత్రి సగం కట్టి వదిలేసిన అట్ట వంతెన పొద్దున్నే బల్ల మీద ఉంటే, ముఖం కడుక్కోకుండానే దాని దగ్గరికి పోయేది. నిన్న ఆగినచోట ఇవాళ మొదలుపెట్టే వీలుంటే చాలు, వేరే పిలుపు అక్కర్లేదు.

ఇక్కడే మా ఆయనకీ నాకూ పేచీ. ఆయనకి సాయంత్రానికి ఇల్లు ఇల్లులా కనపడాలి.

"ఇల్లు పీకి పందిరేశారు. ఇదంతా ఎవరు తీస్తారు?"

"ఎవరూ తియ్యరు. అది ఇంకా అవ్వలేదు."

"ఎప్పటికవుతుంది?"

"వంతెన కదా, వాళ్ళని అడగండి."

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. అందరి ఇళ్ళలో వేరే గది ఉండదు, మాకూ ఎక్కువ రోజులు లేదు, ఆ చిన్న గది మళ్ళీ సామాన్లకే పోయింది. చదువూ భోజనమూ నిద్రా ఒకే చోట జరిగే ఇంట్లో వంతెన బల్ల మీదే ఉంటానంటే కుదరదు. చివరికి రాజీ ఒక చెక్కపలక మీద కుదిరింది. అంచులకి సన్నటి కర్రలు కొట్టిన పాత పలక, ఇద్దరు పిల్లలు చెరో వైపు పట్టుకుని మోయగలిగేంతది. సగంలో ఉన్న పని ఏదైనా దాని మీదే చేస్తారు. భోజనాల వేళకి పలక మంచం కిందికి పోతుంది, తర్వాత మళ్ళీ వస్తుంది. మా ఇంటి బడి మొత్తం ఇప్పుడు ఆ పలక, అట్టపెట్టెల అలమర, చాప, దీపం. చోటు లేదని హోమ్‌స్కూలింగ్‌కి వెనకాడేవాళ్ళకి నేను చూపించేది ఇదే. చోటు తక్కువైన ఇంట్లో పిల్లల పనికి గది ఇవ్వలేకపోవచ్చు, ఆ పనిని చెరిపెయ్యకుండా మాత్రం ఉండొచ్చు.

నా ప్రయోగాలన్నీ పారలేదు. మిగిలిన రంగులో టైల్స్ సందుల్లో నింపే పొడి కలిపి గోడ మీద నల్లబల్ల చేద్దామనుకున్నాను. గోడకి చెమ్మ ఉందని తెలిసీ తొందరపడ్డాను, వానలకి రంగు పొలుసులు పొలుసులుగా ఊడిపోయింది. ఆరిన గోడ మీద అదే పద్ధతి బాగా పనిచేస్తుంది, ఆరాక సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని గోడంతా ఒకసారి రుద్ది తుడిస్తే. "నిశ్శబ్ద మూల" అని ఒకటి దిండ్లతో ఏర్పాటు చేశాను, అది కుస్తీ మూల అయింది. గంట ఎక్కడుందో తెలీదు, అప్పుడప్పుడు ఏదో ఆటలో మోగుతుంటుంది.

బల్ల మాత్రం ఉంది. పైభాగం ఇప్పుడు మా అందరిదీ, దాని మీద బట్టలు కూడా మడతపెడతాను. కింద వాళ్ళు పాత దుప్పటి వేలాడదీసుకున్నారు, దీపాన్ని లోపలికి లాక్కున్నారు. మొన్న ఊడుస్తూ దుప్పటి ఎత్తబోతే దాని మీద పిన్నుతో గుచ్చిన కాగితం కనపడింది. "పెద్దవాళ్లు అడిగి రావలెను" అని, 'పెద్దవాళ్లు'లో ఒక ఒత్తు తక్కువగా.

చీపురు పక్కన పెట్టి, "రావచ్చా?" అని అడిగాను.

లోపల కాసేపు గుసగుసలు. తర్వాత పెద్దదాని గొంతు.

"ఇప్పుడు కాదమ్మా, సగంలో ఉన్నాం."